రెండో కప్పు

"ఇంకోసారి లెక్కపెట్టు," అన్నాడు డ్రైవరు భార్యతో.

అక్క లెక్కపెట్టింది. రెండే మాత్రలు ఉన్నాయి.

"లెక్కపెట్టిన కొద్దీ పిల్లలు పెట్టడానికి అవేమైనా పిల్లులట్రా? మీ లెక్కలు తరవాత. ముందు ఆ ఉన్నవాటిలో ఒకటి నా నోట్లో పడెయ్యండి. తుంటి లాగేస్తోంది!" లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది.

మామూలు రోజైతే ఆ మాటకి అందరూ నవ్వేవాళ్ళు. ఇవాళ డ్రైవరు తల్లి గది వైపు చూడను కూడా చూడలేదు. డ్యూటీ చొక్కా సగం బొత్తాలు పెట్టుకుని, మాత్రల స్ట్రిప్పు చేత్తో పట్టుకుని, వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

పెట్టె మూతకి అతికించిన కాగితం మీద గీతల ప్రకారం ఆరు మాత్రలు ఉండాలి. రెండు నెలల క్రితం అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి, మాత్ర ఇచ్చిన ప్రతిసారీ అక్క అక్కడ ఒక గీత గీస్తోంది. పెట్టె వంటింటి అలమరలో ఉంటుంది. తాళంచెవి తాడుకి కట్టి అక్క మెడలో ఉంటుంది. స్నానానికి వెళ్ళినా తీయదు. అలాంటి పెట్టెలోంచి నాలుగు మాత్రలు మాయమైపోయాయి.

అవి తలనొప్పి బిళ్ళలైతే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. ఆపరేషన్ నొప్పికి ఇచ్చే ఘాటు మాత్రలవి. సరిగ్గా ఆ జాతి మాత్రల కోసమే చెల్లి మందుల షాపుల్లో, బస్సుల్లో, ఆఖరికి పని ఇచ్చిన చోట కూడా చేతివాటం చూపించి జైలుకి వెళ్ళింది.

ఆ చెల్లి ఇప్పుడు ముందుగదిలో కుట్టుమిషన్ పక్కన నేల మీద కూర్చుని, అక్క ఒప్పుకున్న కర్టెన్లకి హెమ్మింగ్ చేస్తోంది. తల ఎత్తలేదు. సూది మాత్రం ఒకే చోట నాలుగుసార్లు గుచ్చింది.

"అమ్మాయ్, నిన్నే," అన్నాడు డ్రైవరు. "నీకేమైనా తెలుసా?"

"తెలీదు బావా."

"తెలీదట! మూడున్నర నెలలు బుద్ధిగా ఉంది కదా, మనిషి మారింది కదా అని నేను కూడా నమ్మాను చూడు, నన్ను అనాలి."

"మెల్లగా మాట్లాడండి," అంది అక్క.

"మెల్లగా మాట్లాడితే మాత్రలు వెనక్కొస్తాయా? టైమెంతయింది చూశావా? రెండుంబావు. నాలుగింటికి కప్పులమ్మ వస్తుంది."

ఆ పేరు వినగానే చెల్లి చేతిలో సూది ఆగిపోయింది.

కప్పులమ్మంటే మహిళా కేంద్రం నుంచి పదిహేను రోజులకోసారి వచ్చే పెద్దావిడ. సంచిలో మూతల ప్లాస్టిక్ కప్పులు పెట్టుకుని వస్తుంది. కప్పు చేతికిస్తే చెల్లి బాత్రూంలోకి వెళ్ళి నింపి తేవాలి. ఒంట్లో మందు ఉందో లేదో కప్పు పక్కనున్న గీతలు చెబుతాయి. మొదటిసారి ఆవిడ వెళ్ళిపోయాక అత్తగారు పెట్టిన పేరది, అతుక్కుపోయింది. చెల్లికి పడిన శిక్షలో ఇంకా పదకొండు నెలలు మిగిలి ఉండగా కోర్టు బయటికి పంపింది, షరతుల మీద. ఈ ఇంట్లోనే ఉండాలి, కేంద్రంలో మత్తు మానేవాళ్ళకి జరిగే కూటాలకి వెళ్ళాలి, పరీక్ష ఇవ్వాలి. పరీక్ష తప్పినా, ఇవ్వనన్నా, ఆ పదకొండు నెలలూ మళ్ళీ లోపలే. ఆ షరతుల కాగితం కింద, బాధ్యత నాది అని సంతకం పెట్టింది అక్క.

"నాలుగింటికి ఆవిడ వస్తుంది, మాత్రలు పోయాయని నేను చెప్తాను," అన్నాడు డ్రైవరు. "దాచి పెడితే రేపు మనం కూడా నేరస్తులమే."

"చెప్పొద్దని నేనన్నానా?"

"అనలేదు. నీ మొహం అంటోంది."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళుంటారు, చూసుకోండి ముందు!" అని అరిచింది అత్తగారు. మంచం మీద నుంచి లేవలేని మనిషికి నోరే కాళ్ళూ చేతులూ.

ఆ మాటకి చెల్లి కదల్లేదు. అక్క చెయ్యి మాత్రం దానంతటదే మెడలో తాళంచెవి మీదికి వెళ్ళింది.

* * *

అక్కాచెల్లెళ్ళిద్దరూ పడుకునే గది నిజానికి గది కాదు. బాల్కనీకి కిటికీలు బిగించి గది అన్నారు. ఒక పరుపు, ఒక ఇనప బీరువా, గోడకి కుట్టాల్సిన గుడ్డల మూటలు. చెల్లి వచ్చిన మొదటి వారం ఒంటరిగా పడుకోలేక ఉలిక్కిపడి లేచేది. అప్పటి నుంచీ అక్క పడక కూడా ఇక్కడే.

అక్క తలుపు వేసింది. చెల్లి ఆ తలుపు వైపే చూస్తోందని గుర్తొచ్చి మళ్ళీ కొంచెం తెరిచింది. మూసిన గదులంటే చెల్లికి భయం. దాని మొగుడు తలుపు గడియ వేశాకే చెయ్యి చేసుకునేవాడు. దవడ విరిగింది కూడా అలా ఒకసారే. ఆసుపత్రిలో ఆ దవడకి ఇచ్చిన మాత్రలతోనే ఇదంతా మొదలైంది. దవడ అతుక్కుంది, మాత్రలు వదల్లేదు.

"నిజం చెప్పు. తీశావా?"

"నేను మింగలేదు."

"మింగావా అని అడగలేదు. తీశావా అన్నాను."

చెల్లి పరుపు అంచున కూర్చుని గోరు కొరుక్కుంది. చిన్నప్పుడు కూడా అంతే. అబద్ధం చెప్పలేనప్పుడు గోరు దొరికేది దానికి.

"నేను మింగలేదక్కా. అంతవరకు నమ్ము."

"నేను నమ్మితే ఏం లాభమే? ఆ కప్పు నమ్మాలి!"

ముందుగదిలో డ్రైవరు కుర్చీ జరుపుతున్న చప్పుడు. అత్తగారి మూలుగు. కోపమో భయమో అక్కకే తెలియలేదు. దిండు ఎత్తి చూసింది. బీరువాలో చెల్లి బట్టలు దులిపింది. కేంద్రానికి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే చేతిసంచి పరుపు మీద బోర్లించింది. దువ్వెన, బస్సు టిక్కెట్లు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, కూటంలో ఇచ్చిన నోటుపుస్తకం. మాత్రలు లేవు.

"ఇలా రా," అంది అక్క. "లే."

జేబులు చూద్దామనే పిలిచింది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

చెల్లి లేచింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. గోడ వైపు తిరిగింది. రెండు చేతులూ పైకెత్తి అరచేతులు గోడకి ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. మెడ కొంచెం వంచి నోరు తెరిచింది, నాలుక కింద కూడా చూస్తారు కాబట్టి. ఇదంతా ఎవరూ చెప్పకుండానే, రోజూ చేసే పనిలా చేసింది.

అక్క చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఏంటే అది? దించు. చేతులు దించు."

చెల్లి దించలేదు. వినపడలేదేమో. కళ్ళు గోడ మీదే ఉన్నాయి గాని గోడని చూడటం లేదు.

"దించవే, నీకు దణ్ణం పెడతాను. నేనే. మీ అక్కనే."

భుజం ముట్టుకోబోయి మానేసింది. గోడవారకి, దానికి తన మొహం కనిపించే చోటికి వచ్చి నిలబడి, చిన్నప్పుడు దాన్ని పిలిచే ముద్దుపేరుతో పిలిచింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి చెల్లి చేతులు మెల్లగా కిందికి దిగాయి. చెప్పులు తొడుక్కుంది.

"అయిపోయిందా?" అని అడిగింది.

అక్క గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

* * *

గ్లాసులో నీళ్ళు పట్టుకుని, తాగకుండానే గట్టు మీద పెట్టేసింది. అక్కకి తన మీద తనకే అసహ్యం వేసింది. వేయాలి కూడా. ఎందుకంటే, పోయిన ఆ నాలుగు మాత్రల్లో రెండు మింగింది అక్కే.

ఎలా మొదలైందో అడిగితే ఆమె చెప్పలేకపోయేది. అత్తగారిని మంచం మీద నుంచి ఎత్తి కూర్చోబెట్టడం, బాత్రూంకి మోసుకెళ్ళినంత పని చేసి తీసుకెళ్ళడం, మళ్ళీ వచ్చి మిషన్ తొక్కడం, కంటి మీద కునుకు లేకుండా చెల్లి ఉలికిపాట్లకి కాపలా కాయడం. ఒకరోజు నడుం పట్టేసి వంగలేకపోయింది. అత్తగారికి ఇవ్వాల్సిన మాత్ర చేతిలో ఉంది. విరిచింది. సగం ఆవిడకి, సగం తనకి. గీత ఒకటే గీసింది.

ఆ మధ్యాహ్నం నడుం నొప్పే కాదు, అన్నీ తగ్గిపోయాయి. ఎవరో ఒళ్ళంతా గోరువెచ్చటి నీళ్ళు పోసినట్టయింది. ఎన్నేళ్ళయిందో అంత హాయిగా ఉండి. మర్నాడు నడుం నొప్పి లేకపోయినా విరిచింది.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? మెడలో తాళంచెవి వేసుకుని తిరుగుతున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు? పూటకొక గీత, పూటకొక మాత్ర, లెక్క ఎప్పుడూ తప్పలేదు. మూడు వారాలు అలా గడిచాయి. ఈ వారం సగంతో ఆనలేదు. నిన్నొకటి, ఈ పొద్దున ఒకటి, గీత గీయకుండా నిండు మాత్రలే వేసుకుంది. ఎలాగోలా సర్దుదాంలే అనుకుంది. సర్దేలోపు అత్తగారు నొప్పి తట్టుకోలేక కొడుకుని పిలవడం, తను మెడలో తాళంచెవి తీసి ఇవ్వక తప్పకపోవడం, అతను పెట్టె తెరవడం జరిగిపోయాయి.

రెండు తనవి. మరి మిగతా రెండు?

చెల్లివే అయ్యుండాలి. ఈ ఆలోచన రాగానే అక్కకి ఒక్క క్షణం తేలికగా అనిపించింది. అదీ తీసింది, నేనూ తీశాను. అలా అనిపించినందుకు తర్వాత ఇంకా ఏడుపొచ్చింది.

చెప్పేస్తే? షరతుల కాగితంలో నాలుగో పేజీ గుర్తుంది ఆమెకి. ఇంట్లో ఎవరూ ఎలాంటి మత్తు వాడకూడదు, వాడితే ఆ ఇల్లు చెల్లి ఉండటానికి పనికిరాదు. ఇల్లు పోతే చెల్లి ఎక్కడికి పోతుంది? చెప్పకపోతే నాలుగూ దాని నెత్తినే పడతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అమ్మాయ్, నీళ్ళు!" అత్తగారు పిలిచింది.

అక్క గ్లాసు పట్టుకెళ్ళింది. అత్తగారు దిండు మీద తల ఇటు తిప్పి, కోడలి మొహంలోకి చూసింది.

"ఒకటి అడుగుతాను, కోప్పడకు."

"అడగండి అత్తయ్యా."

"డాక్టరు సగం ముక్కే ఇమ్మన్నాడా నాకు?"

అక్క గ్లాసు మంచం పక్కన పెట్టింది.

"మొదట్లో నిండుది ఇచ్చేదానివి. మింగేటప్పుడు గొంతుకి తెలిసేది. ఇప్పుడు చిన్నగా, ఒక పక్క గరుగ్గా ఉంటోంది. అలవాటు కాకూడదని తగ్గిస్తున్నాడేమో అనుకున్నాను. పిల్లకి ఆ జబ్బుంది కదా, అందుకని మంచిదేలే అని ఓర్చుకుంటున్నాను." ఆవిడ గొంతు తగ్గించింది. "కానీ ఓర్చుకోలేకపోతున్నానే అమ్మాయ్. వాడితో చెప్పకు. బస్సు నడిపేటప్పుడు దీని గురించే ఆలోచిస్తాడు."

అక్క మెడలో తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, ఉన్న రెండింట్లో ఒకటి నిండుగా తెచ్చి అత్తగారి నోట్లో వేసింది. గీత గీసింది. అత్తగారు మింగి, గొంతు తడుముకుని, "ఆ, ఇదీ," అంది.

* * *

నాలుగయ్యేసరికి మెట్ల మీద ఆయాసం వినిపించింది. తర్వాత కూనిరాగం. కప్పులమ్మ ఎప్పుడూ మూడో అంతస్తు దాకా పాడుతూనే వస్తుంది. శృతి అనే మాటకీ ఆవిడకీ జన్మలో పరిచయం లేదు.

"మీ మెట్లు నన్ను చంపుతాయి గాని, ఏ మత్తూ చంపలేకపోయింది," అంటూ వచ్చి కుర్చీలో కూలబడింది. ఆవిడ ఒకప్పుడు ఏం వాడేదో, ఎన్నిసార్లు లోపలికి వెళ్ళొచ్చిందో ఆవిడే చెబుతుంది, అడక్కపోయినా. పద్నాలుగేళ్ళయిందట మానేసి. "మానేశాను అనను. ఇవాళ వేసుకోలేదు అంటాను," అంటుంది.

మొదటిసారి పరీక్షకి చెల్లి వణికిపోయి గోడకి అతుక్కుపోయింది. జైల్లో తలుపు తీసి ఉంచి, ఎదురుగా వార్డరు నిలబడి చూస్తుంటే కప్పు నింపాలి. కప్పులమ్మ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "నా కప్పుకి వేడి తెలుసు తల్లీ, అప్పుడు నింపిందో కాదో అదే చెప్తుంది, నేను చూడక్కర్లేదు. తలుపేసుకో, గడియ పెట్టుకుంటావో మానతావో నీ ఇష్టం. నేను వసారా చివర నిలబడి పాడుతూ ఉంటాను. నా గొంతు ఎక్కడుంటే నేనక్కడే. దగ్గరికొస్తే నీకు తెలిసిపోతుంది," అంది. పాడింది. ఆ దరిద్రపు పాట వింటూ చెల్లి కప్పు నింపింది. ఆ రోజు నుంచి ఆరుసార్లు ఇచ్చింది, ఆరుసార్లూ శుభ్రంగా వచ్చింది.

ఇవాళ కప్పులమ్మ మంచినీళ్ళు తాగి, గది నాలుగు మూలలా చూసి, "ఏంటర్రా, అందరూ ఫొటోకి నిలబడ్డట్టున్నారు?" అంది.

"మా అమ్మ మాత్రలు నాలుగు తగ్గాయి," అన్నాడు డ్రైవరు. ఒక్క గుక్కలో చెప్పేశాడు. "తాళంలో ఉన్నవి. ఎలా పోయాయో తెలీదు. మీకు చెప్పకపోతే తప్పని చెప్తున్నాను."

"మంచి పని చేశారు." ఆవిడ చెల్లి వైపు తిరిగింది. గొంతులో ఏ మార్పూ లేదు. "ఎలా ఉన్నావు తల్లీ?"

చెల్లి కర్టెన్ గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది.

"నేనే తీశాను," అంది. "నాలుగూ నేనే."

"చూశావా?" అన్నాడు డ్రైవరు భార్యతో. అన్నాడు గాని గెలిచిన గొంతు కాదది. కుర్చీలో కూర్చుండిపోయాడు.

నాలుగూ నేనే అంటోంది. రెండు ఎవరివో అక్కకి తెలుసు. మరి అదెందుకు నాలుగంటోంది?

"మింగావా?" అడిగింది కప్పులమ్మ.

"రాసుకోండి."

"రాయడం ఎంతసేపు? ముందు కప్పు ఇవ్వు, తర్వాత రాద్దాం."

"కప్పు అక్కర్లేదు. ఒప్పుకుంటున్నాను కదా. ఇవ్వనన్నానని రాసుకోండి."

కప్పులమ్మ సంచిలోంచి ఒక కప్పు తీసి బల్ల మీద పెట్టింది. కాగితాల అట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెన్ను తీసింది. కానీ మూత తీయలేదు.

"తల్లీ, విను. ఇవ్వనన్నావని రాస్తే ఈ సాయంత్రమే ఆఫీసుకి పంపాలి. అక్కడి నుంచి నా చేతిలో ఏమీ ఉండదు. నువ్వు మింగి ఉంటే కప్పు ఆ మాట చెప్తుంది, అప్పుడు పడ్డ మనిషిని లేపడానికి ఏం చేయాలో నేను చూస్తాను. ఒకసారి పడితే అంతా పోయినట్టు కాదు. నేను తొమ్మిదిసార్లు పడ్డాను. కానీ మింగకుండా మింగానంటే మాత్రం నేనేం చేయలేను. ఎవరి కోసం?"

చెల్లి తలెత్తి అక్క వైపు చూసింది. సరిగ్గా మొహంలోకి. అక్క తన ముక్కు గోక్కుంటోందని అప్పుడే గమనించుకుంది. పొద్దుటి నుంచీ ముక్కు దురద. మూడు వారాలుగా దురద.

ఆ చూపులో నింద లేదు. జబ్బుచేసిన పిల్లని చూసే తల్లి చూపుంది. దానికి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో గాని, తెలుసు.

కప్పులమ్మ పెన్ను మూత తీసింది.

"ఆగండి," అంది అక్క.

"అక్కా, నువ్వూరుకో."

"నువ్వూరుకోవే." అక్క గది మధ్యకి వచ్చి నిలబడింది. ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. సగం మాత్రల సంగతా, గీతల సంగతా, అత్తగారు ఓర్చుకున్న మూడు వారాల సంగతా? మొగుడి మొహం చూస్తే ఒక్క మాట కూడా రాదని తెలిసి, బల్ల మీదున్న ప్లాస్టిక్ కప్పు వైపే చూసింది.

"మీ సంచిలో ఇంకో కప్పుందా?"

"ఉంది," అంది కప్పులమ్మ.

"నాకివ్వండి."

డ్రైవరు లేచాడు. "నీకెందుకు కప్పు?"

అక్క బల్ల మీది కప్పునే చూస్తోంది.

"నిన్నే. నీకెందుకే కప్పు?"

"రెండు నేనే వేసుకున్నానండీ," అంది అక్క. "అంతకుముందు మూడు వారాల నుంచి అత్తయ్యకి సగమే ఇస్తున్నాను."

డ్రైవరు చొక్కా మిగతా బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి తప్పు కాజాలో పెట్టి, విప్పి, మళ్ళీ అదే కాజాలో పెట్టాడు. లోపలి గదిలో అత్తగారు మొదటిసారి ఏమీ అరవలేదు.

"మిగతా రెండూ నేనే తీశాను," అంది చెల్లి మెల్లగా. "మింగుదామనే తీశాను, అబద్ధం ఎందుకు. నిన్న మధ్యాహ్నం అక్క మిషన్ మీద తలపెట్టి నిద్రపోయింది. కాలు మోటారు పెడల్ మీదే ఉండి మిషన్ ఇంకా తిరుగుతోంది. ఆపుదామని వచ్చాను. మెడలో తాళంచెవి లేదు. వెళ్ళి చూస్తే పెట్టెకే వేలాడుతోంది, మూత తీసే ఉంది. స్ట్రిప్పులోంచి రెండు నొక్కి చేతిలో వేసుకున్నాను. సింకు దగ్గరికి వెళ్ళి గ్లాసు కూడా నింపాను. అప్పుడు అక్క నిద్రలో ముక్కు గోక్కుంది. నా పక్క మంచం మనిషి ఇవే మింగి రాత్రంతా అలాగే గోక్కునేది జైల్లో. దగ్గరికెళ్ళి పిలిస్తే కళ్ళు తెరిచింది. కంటిపాప కూడా ఆ మనిషికిలాగే ఆవగింజంత ఉంది." గోరు నోటిదాకా వెళ్ళి ఆగింది. "సింకులో పడేశాను. తాళం వేసి, మళ్ళీ నిద్రలోకి జారిపోయిన అక్క మెడలో తాళంచెవి వేశాను. చెప్తే అక్క సంతకం చెల్లదు కదా. నేనెక్కడికి పోతాను? అందుకని చెప్పలేదు."

"చెప్పకుండా జైలుకి పోతావుటే?" అంది అక్క. ఏడుస్తోంది.

"నాకు అలవాటే కదా. నీకు లేదు."

కప్పులమ్మ రెండో కప్పు తీసి మొదటి దాని పక్కన పెట్టింది.

"అమ్మా," అంది అక్కతో. "ఈ కప్పు నువ్వు పట్టుకుంటే నేను రాయాలి. రాస్తే ఈ ఇంటి సంగతి ఏమంటారో నాకు తెలీదు. నేను నీ తరఫున మాట్లాడతాను, మాట్లాడి తీరతాను, కానీ మాట ఇవ్వలేను. పట్టుకోకపోతే నేను విననట్టు ఉండలేను. ఏదైనా సరే, ఇవాళ నుంచి మీ ఇద్దరికీ నేను వస్తాను. అది మాత్రం మాటే."

చెల్లే ముందు లేచింది. కప్పు తీసుకుని బాత్రూంలోకి వెళ్ళింది. కప్పులమ్మ వసారా చివర నిలబడి పాడింది. నాలుగు నిమిషాల్లో చెల్లి తిరిగొచ్చి, వెచ్చటి కప్పు మూత బిగించి కిటికీ గూట్లో పెట్టింది. ఎవరూ దాని వైపు చూడలేదు. అందరూ బల్ల మీద మిగిలిన కప్పునే చూస్తున్నారు.

అక్క దాన్ని తీసుకుంది. డ్రైవరు పక్క నుంచే నడవాల్సి వచ్చింది. అతను దారి ఇచ్చాడు. అంతకు మించి ఏమీ చేయలేదు.

బాత్రూం గుమ్మం దగ్గర చెల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తలుపేసుకో అక్కా. నేను చివర నించుంటాను."

తలుపు మూసుకుంది. అక్కకి రాలేదు. పదిహేను రోజులకోసారి ఇలాంటి కప్పుని చెల్లి చేతిలో పెట్టి, ఏముంది, నిమిషం పని, అనేది తను. బయట కూనిరాగం మొదలైంది. అదే దరిద్రపు పాట, కానీ చెల్లి గొంతులో శృతి ఉంది. ఆ గొంతు వసారా చివరే ఉంది. దగ్గరికి రాలేదు.

"అమ్మాయ్!" అత్తగారి గొంతు. ఈసారి కేక కాదు, మూలుగు. "ఇందాకటిది చాల్లేదే. రెండోదీ ఇచ్చెయ్యండి. నావల్ల కావట్లేదు."

తాళంచెవి అక్క మెడలో ఉంది. అది లేకుండా పెట్టె తెరుచుకోదు. నొప్పి తట్టుకోలేకపోతే ఆరింటి మాత్ర ముందే ఇచ్చినా ఫర్వాలేదని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. మూడు వారాలుగా ఆవిడకి తను బాకీ పడ్డ నిద్ర గుర్తొచ్చింది. అక్క మెడలోంచి తాడు తీసి, వంగి, తలుపు కింద సందులోంచి తాళంచెవి బయటికి తోసింది.

"అత్తయ్యకి ఇవ్వండి," అంది. "నిండుది. విరవద్దు."

కూనిరాగం ఆగిపోయింది.

అడుగులు దగ్గరికొచ్చాయి. చెల్లి అడుగులే. తాళంచెవి నేల మీద నుంచి లేచిన చప్పుడు. అడుగులు వంటింటి వైపు వెళ్ళాయి. అలమర తలుపు కిర్రుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అక్క తలుపుకి చెవి ఆనించి ఊపిరి బిగబట్టింది. తాళం తిరగలేదు. ఎంతసేపటికీ తిరగలేదు.

"బావా," అని వినిపించింది వంటింట్లోంచి. గొంతు వణుకుతోంది, కానీ గట్టిగానే ఉంది. "ఒకసారి ఇలా వచ్చి నించుంటారా? పెట్టె తీయాలి. నేను తీస్తుంటే మీరు చూస్తూ ఉండాలి."

బావ పలకలేదు.

చెల్లి మళ్ళీ పిలిచింది.